లంకల గన్నవరపు పొరుగమ్మ

1909వ సంవత్సరము ఏప్రిలు 28వ తేదీన కోనసీమయందలి లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు దివంగతులైరి. బంధుత్వముతో నిమిత్తము లేక, ఆకలిగొని వచ్చిన ప్రతివానికిని పొరుగమ్మయై, వేళగాని వేళ తలుపు తట్టినను విసుగుకొనక అన్నమిడిన ఆ సాధ్వి దయను ఎఱుగనివారు లేరు. ఆ దయకు ఆధారమైన నియమనిష్ఠను మాత్రము మనము తఱచుగా తలచుకొనము.

ఆమె 1841లో మండపేటయందు జన్మించెను. తండ్రి అనుప్పిండి భవానీశంకరముగారు అడిగినవారికి లేదనక అన్నము పెట్టుటచే ఊరివారాయనను బువ్వన్న అని పిలుచుచుండిరి. పుట్టినింట నేర్చిన ఆ ధర్మమునే, డొక్కా జోగన్నగారి ఇల్లాలై లంకల గన్నవరము చేరిన పిదప, ఆమె జీవితవ్రతముగా స్వీకరించెను.

1833 ప్రాంతమున ఘోరమైన కఱవు పాలయిన గోదావరీ మండలము, కాటన్ దొర పర్యవేక్షణమున 1852 నాటికి ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట క్రమముగా సస్యశ్యామలమయ్యెను. కాని పంట పండినంత మాత్రమున బాటసారి కడుపు నిండదు గదా! వంతెనలు లేని ఆ కాలమున, నదీపాయల నడుమనున్న లంకలకు పడవయే శరణ్యము. ప్రొద్దు గూకినను, ఏటికి వరద వచ్చినను, దారినపోవువారు రేవు దాటలేక నిలిచిపోవలసినదే. అట్టివారికి సీతమ్మగారి వంటయిల్లు దిక్కయ్యెను. కులమేదని అడుగక, వేళ మించినదని అనక, వచ్చినవారికెల్ల ఆమె వడ్డించెననియు, కాలక్రమమున ఆస్తి తఱిగినను పొయ్యి ఆఱనీయలేదనియు ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు.

ఆమె నిష్ఠను తెలుపు కథ యొకటి కోనసీమలో ప్రసిద్ధము. అంతర్వేది నృసింహస్వామిని సేవింపగోరి పల్లకిలో బయలుదేఱిన సీతమ్మగారు, త్రోవలో ఆకలికి ఏడ్చుచున్న పిల్లలను, గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టునని పెద్దలు ఓదార్చుచుండగా విని, బోయీలచేత పల్లకిని వెనుకకు మఱలించి, వారు వచ్చునప్పటికి వంట సిద్ధము చేసెనట. దైవదర్శనముకంటె ముందు ఆకలిగొన్నవాని యెదుట విస్తరి వేయుటయే తన ధర్మమని ఆమె ఎంచినది.

బ్రిటిషు చక్రవర్తి ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవమునకు 1903లో ఢిల్లీకి రావలసినదని దొరతనమువారు ఆహ్వానింపగా ఆమె వెళ్లలేదు. ఛాయాపటమునకు సైతము మొదట సమ్మతింపక, తీయించుకొననిచో పటము తీయవచ్చినవాని కొలువునకు ముప్పు కలుగునని విని మాత్రమే అంగీకరించెనని ప్రతీతి. కీర్తిని నిరాకరించుటయందు దృఢత్వము, పరుని కష్టమెఱిగినంతనే ఆ దృఢత్వమును సడలించు మార్దవము, ఈ రెండును ఒక్క సన్నివేశముననే గోచరించుచున్నవి.

నేడు వైనతేయ నదిపై గన్నవరపు అక్విడక్టునకు ఆమె పేరున్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరు పెట్టినది. అన్నముతో ముడివడిన ఆ జీవితమునకు ఈ స్మరణ ఎంతయు తగియున్నది. మన యిరుగుపొరుగున నీతియు దయయు గల సజ్జనుడొకడు గతించినప్పుడు, అతడు నియమముగా పాటించిన మంచి పనులలో ఒక్కదానినైనను మన యింటి నిత్యకృత్యముగా చేసికొనుట, ప్రభుత్వముతోగాని ధనముతోగాని పనిలేక, ప్రతి గృహస్థుడును నిలుపగల స్మారకము.