దళంలోకి దారి: నల్లగొండ స్త్రీలు ఆయుధం ఎందుకు పట్టారు

ఒక స్త్రీ సాయుధ దళంలో చేరిందని తెలిసినప్పుడు సాధారణంగా వినిపించే వివరణలు రెండే: ఎవరో మాయమాటలు చెప్పి లోబరచుకున్నారనేది ఒకటి, మనసిచ్చినవాడి వెంట వెళ్లిపోయిందనేది మరొకటి. ఈ రెండింటిలోనూ నిర్ణయం ఆమెది కాదు. పురుషుడు చేరితే అతని భూమి తగాదా గురించో రాజకీయ విశ్వాసం గురించో ఆరా తీసే పరిశీలకులు స్త్రీ విషయంలో ఆ శ్రమ తీసుకోకపోవడం వల్ల, హింసా మార్గం పట్టిన సంస్థల్లోకి మనుషులు ఎలా వెళ్తారన్న ప్రశ్నకు చాలాకాలం సగం జవాబే దొరికింది. మిగిలిన సగాన్ని వెతకడానికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు 1946 నుంచి 1951 వరకు చూసిన, కమ్యూనిస్టుల నాయకత్వంలో సాగిన తెలంగాణ సాయుధ పోరాటం ఎంతో ఉపకరిస్తుంది. అందులో పాల్గొన్న స్త్రీల అనుభవాలు వారి మాటల్లోనే నమోదై ఉండడం అందుకు ముఖ్య కారణం.

నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లాలో వెట్టి, అంటే కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించుకునే చాకిరి, కులానికి ఒక తీరుగా సాగేది. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి ఒక్కడి కింద లక్షా యాభై వేల ఎకరాలు ఉండేవని పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఆ వ్యవస్థ స్త్రీ శరీరాన్ని ఎంతవరకు సొత్తుగా చూసిందో ఆడబాప ఆచారం చెబుతుంది: దొర కూతురు అత్తవారింటికి వెళ్లేటప్పుడు సారెతోపాటు ఒక దాసీ పిల్లను కూడా పంపేవారు, ఆ పిల్లకు అక్కడ పెళ్లి లేదు, కూలి లేదు, ఆ ఇంటి మగవాళ్ల నుంచి రక్షణా లేదు. అయితే అణచివేత ఎంత ఘోరమైనదైనా అదొక్కటే కారణమని చెప్పడానికి వీల్లేదు. ఒకే ఊళ్లో ఒకే వెట్టి చేసిన స్త్రీలలో కొద్దిమందే దళాల్లోకి వెళ్లారు.

ఈ తేడాను వివరించడానికి అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డగ్ మెక్‌ఆడమ్ 1986లో ప్రచురించిన పరిశోధన తోడ్పడుతుంది. మిసిసిపీలో నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించేందుకు 1964 వేసవిలో వెళ్లడానికి దరఖాస్తు చేసిన 959 మందిని ఆయన పరిశీలించారు. ఆ ఉద్యమం అహింసాత్మకమే అయినా, వెళ్లినవారి ప్రాణాలకు హామీ లేదు. ఆఖరుకు వెళ్లిన 720 మందికీ ఆగిపోయిన 239 మందికీ మధ్య ఆశయ బలంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వెళ్లినవారికి అప్పటికే అందులో ఉన్నవారితో దగ్గరి స్నేహాలు, పరిచయాలు ఎక్కువగా ఉన్నాయి. మనిషిని ప్రమాదంలోకి నడిపించేది ఆశయం ఒక్కటే కాదు, ఆశయానికి ఆనుకుని ఉన్న మనుషులు కూడా.

తుంగతుర్తి దగ్గరి కరివిరాల కొత్తగూడెంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం జీవితంలో ఈ అనుబంధాలు స్పష్టంగా కనబడతాయి. ఆమె భూమి ఉన్న కుటుంబపు ఆడపిల్ల, వెట్టి చేసినామె కాదు. ఆంధ్ర మహాసభ, జనం నోట్లో 'సంఘం', ఆమె ఇంటికి అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి ద్వారా వచ్చింది. గోర్కీ 'అమ్మ' నవల చేతికి వచ్చింది. పదకొండేళ్ల వయసులో సొంత ఇంటి వడ్లనే వెట్టివాళ్లకు పంచింది. తర్వాత దళ నాయకురాలైన ఆమెను పట్టిస్తే పదివేల రూపాయల బహుమతి ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అన్న ద్వారా వచ్చింది కాబట్టి అన్న కోసం వచ్చిందని అనుకోవడం ఇక్కడ పొరపాటు. బంధుత్వం తలుపు తెరిచింది, లోపల నిలవడం ఆమె సంకల్పం.

అటువంటి సంకల్పానికి పరిశోధకురాలు ఎలిజబెత్ వుడ్, అంతర్యుద్ధం చూసిన ఎల్ సాల్వడార్ రైతులతో మాట్లాడి 2003లో ఒక వివరణ ఇచ్చారు: ప్రతిఫలం దక్కుతుందన్న ఆశ లేకపోయినా, తమ బతుకును తామే మార్చుకుంటున్నామన్న అనుభూతి మనిషిని ఉద్యమంలో నిలబెడుతుంది. దొర గడీ ముందు తలెత్తడానికే వీల్లేని స్త్రీ, వడిసెల, కారప్పొడి, రోకలి పట్టుకుని గూండాలను తరిమినప్పుడు ఆమెకు దక్కింది అదే. తుపాకీ కంటే ముందు, పదిమందిలో తన మాటకు విలువ దొరకడమే చాలామంది స్త్రీలను కదిలించిందని భావించడానికి ఆధారం ఉంది.

ఇష్టంతో ప్రమేయం లేకుండా వెళ్లినవారూ ఉన్నారు. అదే ఎల్ సాల్వడార్ గెరిల్లా స్త్రీలను పరిశీలించిన జాస్లిన్ విటెర్నా 2013లో, రాజకీయ చైతన్యంతో చేరినవారి నుంచి, ఇల్లు నిలవక గత్యంతరం లేక చేరినవారిని వేరు చేసి చూపారు. నిజాంకు అండగా నిలిచిన రజాకార్ల దాడులు, 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చిన తర్వాత సైనిక శిబిరాల గాలింపులు నల్లగొండ పల్లెల్లో ఇటువంటి స్థితినే తెచ్చాయి. భర్తో అన్నో అజ్ఞాతంలోకి వెళ్లిన ఇంట్లో స్త్రీ మిగిలి ఉండడం కంటే అడవిలోకి వెళ్లడమే క్షేమమనిపించిన సందర్భాలు ఏర్పడ్డాయి. అణచివేత తీవ్రమైన కొద్దీ దళానికి మనుషులను చేర్చిపెట్టింది ఒక్కోసారి ప్రభుత్వమే.

దళాల లోపలి జీవితాన్ని మెరుగుపెట్టి చెప్పడం న్యాయం కాదు. దళాలు దొరల మనుషులనే కాక, సమాచారం అందిస్తున్నారని అనుమానించినవారిని కూడా చంపాయి. స్త్రీలకు ఎక్కువగా దక్కినవి చీటీలు చేరవేయడం, రహస్య స్థావరం మామూలు సంసారంలా కనిపించేలా నడపడం, వండిపెట్టడం. స్త్రీవాద బృందం స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా వెలువరించిన జ్ఞాపకాల్లో, అడవిలో పుట్టిన బిడ్డను పరాయి చేతుల్లో పెట్టి దళంతో కదిలిపోవలసి వచ్చిన తల్లి ఉంది. పోరాటం కూడా స్త్రీ నుంచి బలిని ఎంత సులభంగా అడిగిందో ఆ ఒక్క సంగతితో తెలుస్తుంది.

1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటించాక, స్త్రీలను ఇళ్లకు వెళ్లమన్నారు. స్వరాజ్యం 1978లోను, 1983లోను తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు, అంటే ఆయుధం దింపిన తర్వాత కూడా ఆమె మాటకు వేదిక దొరికింది. చాలామందికి దొరికింది మళ్లీ అదే వంటిల్లు, పైగా అడవిలో మగవాళ్ల మధ్య తిరిగి వచ్చిందన్న నింద.

దళంలోకి దారి 1951తో మూసుకుపోలేదు. 1946లో 'సంఘం' కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పుల్లో మరణించిన కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లాలోదే. ఆ ఊరి ఆడబిడ్డ, న్యాయశాస్త్రం చదివి మావోయిస్టు పార్టీలో చేరి 'మిడ్కో' పేరుతో కథలు రాసిన గుమ్మడివెల్లి రేణుక 2025 మార్చి 31న ఛత్తీస్‌గఢ్ అడవుల్లో జరిగిన ఎదురుకాల్పుల్లో మరణించారని పోలీసులు ప్రకటించారు. ఇప్పుడు మావోయిస్టు దళాల్లోంచి బయటికి వస్తున్న స్త్రీలకు హోదాను బట్టి ప్రభుత్వం లొంగుబాటు నగదు ఇస్తోంది. అడవిలో పదిమందిని నడిపించిన స్త్రీ ఊరికి తిరిగి వచ్చాక గ్రామసభలో మాట్లాడగలుగుతోందా, ఆమె మాటను ఎవరైనా వింటున్నారా అన్నది ఆ నగదు లెక్కల్లోకి రాదు.