తలుపు మీద రాసి పెట్టుకున్న ఇంటి సమాధులు

శుక్రవారం వస్తే క్యాంపులో మాటలన్నీ ఊరి చుట్టూనే తిరుగుతాయి. ఇంటి స్లాబు పడిందా, పిల్ల పెళ్లి ఎప్పుడు, అప్పు ఎంత తీరింది అని. ఒక్క మాట మాత్రం ఎవరమూ ఎత్తం. మనకు ఇక్కడే ఏమైనా అయితే మన మట్టి ఎక్కడ కలుస్తుంది? ఈ వారం ఆ మాటే ఎత్తుతున్నాం. అయితే రెండు వేల ఏళ్ల కిందట ఇదే దేశంలో జరిగిన దానితో మొదలుపెడతాం.

మదీనా నుంచి ఉత్తరంగా మూడు వందల కిలోమీటర్లు దాటితే అల్ ఉలా వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే హెగ్రా ఉంది. మదాయిన్ సాలిహ్ అంటే మనవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది. సాలిహ్ ప్రవక్త మాట వినక నాశనమైన సమూదు జాతి చోటని చాలామంది ముస్లిం సోదరులు అక్కడికి పోవడానికి వెనుకాడతారు. సౌదీలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కిన మొదటి చోటు ఇదే. 2008లో ఎక్కింది.

ఇప్పుడక్కడ కనిపించే సమాధులు నబాతీయులవి. సాంబ్రాణి, సుగంధ ద్రవ్యాలు ఒంటెల మీద వేసుకుని వ్యాపారం చేసినవాళ్లు. వాళ్ల రాజధాని జోర్డాన్‌లోని పెట్రా. హెగ్రాలో పెద్ద సమాధులు 111, అందులో 94 చెక్కడాలతో ఉన్నాయి. అన్నీ గుట్టను తొలిచి చేసినవే. ఖసర్ అల్ ఫరీద్ అనేది సుమారు 22 మీటర్ల ఎత్తు. దాని పని మధ్యలో ఆగిపోయింది. పైభాగం నున్నగా ఉంది, కింద ఉలి గాట్లు అలాగే ఉన్నాయి. పని పైనుంచి కిందికి సాగిందని దాన్ని చూస్తే మనలో మేస్త్రీలకు ఇట్టే తెలిసిపోతుంది.

ఇవి రాజుల సమాధులు కావు, కుటుంబాలవి. చాలావాటికి తలుపు పైన రాతలున్నాయి. ఎవరు చేయించారు, ఎవరెవరిని లోపల పెట్టవచ్చు, ఏ రాజు ఏలుబడిలో ఎన్నో ఏడు అన్నీ రాసి ఉంటాయి. ఒకదాన్ని కమ్కమ్ అనే ఆమె, ఆమె కూతురు కులైబత్ తమకోసం, తమ సంతానం కోసం చేయించుకున్నారు. హారితత్ రాజు ఏలుబడిలో తొమ్మిదో ఏడు అది. సమాధిని అమ్మినా, తాకట్టు పెట్టినా, శవాన్ని బయటికి తీసినా దేవతల శాపం తగులుతుందని రాయించారు. కొన్నింటి మీద జరిమానా కూడా ఉంది. మన స్టాంపు కాగితం లాంటిదే, కాకపోతే రాయి మీద. ఇంకో విషయం: పని చేసిన రాతి మేస్త్రీల పేర్లు కూడా చెక్కారు. అఫ్తహ్ అనే మేస్త్రి పేరు ఇప్పటికీ చదవవచ్చు.

దగ్గర్లోనే జబల్ ఇత్లిబ్ గుట్టలో దివాన్ అనే గది ఉంది. మూడు వైపులా రాతి అరుగులు. దేవుళ్ల పేరిట అక్కడ కూడి విందులు చేసుకునేవారు.

106లో నబాతీ రాజ్యం రోము చేతికి పోయింది. తర్వాత సమాధులను దోచుకున్నారు. శాపాలు ఎవరినీ ఆపలేదు, రాత మాత్రం నిలిచింది. హినత్ అనే ఆమె సమాధిలో దొరికిన ఒక పుర్రె ఆధారంగా నబాతీ స్త్రీ ముఖాన్ని తయారుచేసి 2023లో జనానికి చూపించారు.

ఇక మన సంగతి. కార్మికుడు చనిపోతే శవాన్ని సిద్ధం చేసి, పనికి తెచ్చుకున్న చోటికి పంపే ఖర్చు యజమానిదేనని సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం చెబుతోంది. గోసీ ఆ ఖర్చు భరిస్తే, లేదా కుటుంబం ఒప్పుకుని ఇక్కడే పూడిస్తే తప్ప. చితి మీద దహనం ఇక్కడ కుదరదు. ఊరికి పంపాలన్నా, ఇక్కడే పూడ్చాలన్నా ఇంటివాళ్లు రాసిచ్చిన కాగితం లేనిదే మన ఎంబసీ ఎన్‌ఓసీ ఇవ్వదు. ఇంటివాళ్ల నంబరు దొరక్క, ఏం రాయాలో వాళ్లకు తెలియక రోజులు గడిచిపోతాయి. అన్ని రోజులూ శవం మార్చురీలోనే.

అందుకే పాస్‌పోర్టు, ఇఖామా, కాంట్రాక్టు జిరాక్సులు ఒక సెట్టు ఇంట్లో, ఒక సెట్టు గదిలో నమ్మకమైనవాడి దగ్గర ఉంచండి. ఇంటివాళ్ల నంబర్లు రెండు రాసి పెట్టండి. మీ కోరిక ఏమిటో భార్యకో అన్నకో చెప్పండి. అపశకునం అనుకోకండి. కమ్కమ్, ఆమె కూతురు బతికుండగానే రాయించుకున్నారు. ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ మాట ఒక్కసారి ఎత్తండి.