పాతబస్తీలో ఓ సాయంత్రం... గాజుల కోసమే కాదు!

హైదరాబాదులో కాపురం పెట్టి పదిహేనేళ్ళు దాటి ఉంటుంది మీలో కొందరికి. చార్మినార్ చూశారా అని అడిగితే "ఎందుకు చూళ్ళేదూ!" అంటారు. ఏం చూశారు మరి? ఆడపడుచు పెళ్ళికి గాజులు కొనడానికి వెళ్ళారు. ఊరినుంచి చుట్టాలొస్తే ఓసారి పైకెక్కించి దింపారు. ముత్యాల షాపులో బేరమాడారు. అంతే కదూ! మిగిలిన ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళ సంగతీ అంతే. పొద్దున వచ్చి మధ్యాహ్నం ఎండలో తిరిగి, తలనొప్పితో రూముకి చేరతారు.

ఇంకో సంగతుంది. ఏ ఊరైనా సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా ఎలా ఉంటుందో మనలో చాలామందికి సరిగ్గా తెలియదు. ఆ వేళకి మనం స్టవ్ దగ్గరుంటాం. పిల్లల ట్యూషన్లు, మావారి టీ, మర్నాటికి పప్పు నానబెట్టడం... పాతబస్తీకి అసలు అందం వచ్చేది సరిగ్గా ఆ మూడు గంటల్లోనే!

మా అపార్ట్‌మెంట్లో నలుగురం కలిసి ఒక గైడుని మాకోసమే మాట్లాడుకుని, సాయంత్రం నడుచుకుంటూ ఆ ప్రాంతమంతా చూసొచ్చాం. గైడంటే విదేశీయులకే అనుకుంటాం గానీ అదేం కాదు. నలుగురైదుగురు కలిసి పంచుకుంటే తలా ఒక హోటల్ భోజనం ఖర్చు కన్నా పెద్ద ఎక్కువ పడదు. పెద్ద గుంపుతో వెళ్తే ఆయన చెప్పిందే మనం వినాలి. మన నలుగురమే ఉంటే మనకి కావాల్సింది మనం అడగొచ్చు. మా నలుగురిలో పెద్దావిడ, మేమంతా పిన్నిగారు అని పిలుస్తాం, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ నడక ఎంతో అందరి నడకా అంతే. ఎక్కడ అరుగు కనబడితే అక్కడ కూర్చున్నాం, ఎవరూ విసుక్కోలేదు.

గైడుని మాట్లాడుకునేటప్పుడు రెండు విషయాలు ముందే తేల్చుకోండి. పర్యాటక శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు చూపించమనండి, మొహమాటపడకండి. ఎన్ని గంటలు, ఎంత డబ్బు అన్నది బయల్దేరకముందే చెప్పించుకోండి. "మమ్మల్ని ఏ షాపుకీ తీసుకెళ్ళొద్దు, కొనాలనిపిస్తే మేమే కొనుక్కుంటాం" అని కూడా నవ్వుతూనే చెప్పేయండి. ఊరేదైనా కొందరు గైడ్లకి షాపుల వాళ్ళ దగ్గర కమీషన్లుంటాయి. ఈ ఒక్క మాటతో గంటసేపు మిగులుతుంది.

నడక మొదలు

మదీనా బిల్డింగ్ దగ్గర నాలుగున్నరకి కలుసుకున్నాం. అక్కణ్ణుంచి చార్మినార్ కిలోమీటరు కూడా ఉండదు. కానీ గంటన్నర పట్టింది మాకు!

ముందు బాద్‌షాహీ ఆషూర్‌ఖానా. రోడ్డుమీంచి వెళ్ళేవాళ్ళకి అలాంటిది ఒకటుందనే తెలియదు. మొహర్రం రోజుల్లో పీర్లు నిలబెట్టే చోటు. ఊరు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే దీన్నీ 1590లలో కట్టించాడు. లోపల గోడలమీద రంగురంగుల పింగాణీ పెంకులు. నీలం, పసుపు, ఆకుపచ్చ... మన పట్టుచీర అంచుల్లో లతలుంటాయి చూడండి, అచ్చం అలా అల్లుకున్నాయి. 1908లో మూసీకి వరదలొచ్చినప్పుడు నీళ్ళు ఇక్కడిదాకా వచ్చి కిందివైపు పెంకులు దెబ్బతిన్నాయి. గైడు చూపిస్తే గానీ ఆ తేడా తెలియలేదు. ఇది ఇప్పటికీ భక్తులొచ్చే చోటు కాబట్టి చెప్పులు బయటే వదిలి, తలమీద కొంగు కప్పుకుని వెళ్ళండి.

తర్వాత పత్తర్‌గట్టీ. రెండువైపులా రాతి కమానులు, వాటి కింద బట్టల కొట్లు, అత్తరు కొట్లు. ఆ వరద తర్వాత నగరాన్ని బాగుచేయడానికి 1912లో ఒక బోర్డు పెట్టారు. ఈ వరస ఆ రోజుల్లో వచ్చిందే. ఇక్కడ అత్తరు కొనకపోయినా ఫర్వాలేదు, మట్టి అత్తరు ఒక్కసారి వాసన చూపించమనండి. తొలకరి జల్లు పడ్డప్పుడు పెరట్లోంచి వచ్చే వాసన! ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో మట్టిని కాల్చి, బట్టీ పట్టి తీస్తారట. పిన్నిగారు మణికట్టుకి రాయించుకుని, ఇంటికొచ్చేదాకా చూసుకుంటూనే ఉన్నారు.

గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి నాలుగువైపులా చూస్తే నాలుగు కమానులు కనిపిస్తాయి. వాటినే చార్ కమాన్ అంటారు. ఉత్తరంది మచిలీ కమాన్, చేప గుర్తు కట్టేవాళ్ళు గనక ఆ పేరు. పడమటి కమానుకి అవతల ఒకప్పుడు రాజుగారి మహళ్ళుండేవి. ఇప్పుడు వెండి కొట్లు, ముత్యాల కొట్లు. ఆ చుట్టుపక్కల కొట్ల బోర్డులు, కరెంటు తీగలు చూస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది. నాలుగు వందల ఏళ్ళ కమానుకి మేకు కొట్టి ఫ్లెక్సీ కట్టేవాళ్ళని ఏమనాలి చెప్పండి!

పొద్దుగుంకే వేళ

చార్మినార్ 1591 నాటిది. ఇది మనం చిన్నప్పుడు బడిలో చదువుకున్నదే. ప్లేగు తగ్గినందుకు గుర్తుగా కట్టారంటారు, ఇంకా ఏవేవో కథలున్నాయి. నాలుగు వైపులా ఉన్న గడియారాలు మాత్రం అప్పటివి కావు, 1889లో పెట్టారు. పైకెక్కాలంటే చీకటి పడకముందే మూసేస్తారు కాబట్టి ఆ సరదా వేరే రోజుకి ఉంచుకోండి. మినారుల్లో 149 మెట్లు! చీరతో అంత సులువేం కాదు.

తూర్పువైపు కమాను కింద నిలబెట్టి, "అమ్మా, పైన జూడుండ్రి, ఏం కనబడ్తుంది?" అన్నాడు గైడు. సున్నంతో చెక్కిన పువ్వులు, తీగలు తప్ప మాకేమీ కనబడలేదు. "పిల్లి తలకాయ!" అన్నాడు. నిజమే! చిన్న పిల్లి తల. ప్లేగు ఎలుకల్ని బెదిరించడానికి పెట్టారని చెప్తారట. నిజమో కాదో గానీ, ఇన్నిసార్లు వచ్చి ఆ పిల్లిని మేమెవ్వరం చూళ్ళేదు.

అక్కడే నేను అడిగాను. "రాజుల సంగతి చాలు గానీ బాబూ, ఆడవాళ్ళ సంగతి చెప్పు. ఈ ఊళ్ళో ఆడవాళ్ళు ఏం చేసేవాళ్ళు?" ఆ అబ్బాయి ఒక్క క్షణం ఆగి, నవ్వి, అప్పుడు మొదలుపెట్టాడు చూడండి! ఎవరూ అడగరు గనక చెప్పడం లేదు గానీ, అతనికి బోలెడు తెలుసు.

మనం విజయవాడ బస్సెక్కితే ఊరి చివర హయత్‌నగర్ వస్తుందా? ఆ పేరు హయాత్ బక్షీ బేగంది. మహమ్మద్ కులీ కూతురు. తర్వాతి సుల్తానుకి భార్య. ఆయన 1626లో పోతే, పన్నెండేళ్ళైనా సరిగ్గా నిండని కొడుకు అబ్దుల్లా గద్దెనెక్కాడు. వెనకుండి రాజ్యం నడిపించింది తల్లే. 1656లో ఔరంగజేబు సైన్యంతో గోల్కొండ మీదికొచ్చినప్పుడు, కోటలోంచి బయటికొచ్చి, ఆయన గుడారానికి వెళ్ళి మాట్లాడి సంధి కుదిర్చిందీ ఆవిడే. అప్పటికి ఆవిడ నడివయసు దాటిన మనిషి. అటు దండెత్తి వచ్చినవాడు, ఇటు కొడుకు ప్రాణం! ఏం మాట్లాడిందో, ఎలా మాట్లాడిందో అని ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. గోల్కొండ ఆ తర్వాత ఇంకో ముప్ఫయ్యేళ్ళు నిలిచి, 1687లో పడిపోయింది. హయత్‌నగర్ బోర్డు ఎన్నిసార్లు చూసి ఉంటామో లెక్కలేదు, ఆ పేరు వెనక ఒక అమ్మ ఉందని మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది.

తూర్పు వీధిలో కాస్త నడిస్తే సర్దార్ మహల్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1900లో తన బేగం కోసం కట్టించాడు. ఆవిడ వచ్చి చూసి, నచ్చలేదందట! కాపురమే పెట్టలేదట. "అంత ఇల్లు కట్టిస్తే వద్దంటుందా!" అని మాలో ఒకావిడ నిట్టూర్చింది. "వంటిల్లు సరిగ్గా కట్టలేదేమో" అన్నారు పిన్నిగారు. నవ్వలేక చచ్చాం.

చీకటి పడుతుంటే మక్కా మసీదు. 1617 ప్రాంతంలో మొదలుపెట్టి, ఔరంగజేబు కాలంలో 1694లో ముగించారు. కొన్ని ఇటుకలు మక్కా మట్టితో చేసినవంటారు, అందుకే ఆ పేరు. ప్రార్థన గూడుకి ఒకే పెద్ద రాయి తెచ్చారని, దాన్ని లాగడానికి 1400 ఎద్దులు కట్టారని అప్పట్లో ఇక్కడికొచ్చిన ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియర్ రాశాడు. నమాజు వేళ ఆవరణలోకి పోకుండా బయటే ఆగాలి. అజా వినిపిస్తుంటే పావురాలన్నీ ఒక్కసారి లేచి, గుండ్రంగా తిరిగి మళ్ళీ వాలాయి. చార్మినార్ దీపాలు అప్పుడే వెలిగాయి. మేం నలుగురం కాసేపు మాట్లాడుకోలేదు. అది మాకు అరుదే!

గాజుల వెనక చేతులు

లాడ్ బజార్ చివరికి ఉంచుకోండి. దీపాలు పెట్టాకే దాని అందం చూడాలి. కానీ ఈసారి కొట్ల ముందు ఆగకుండా, పక్క సందులోకి తీసుకెళ్ళమని గైడుని అడగండి. మమ్మల్ని ఒక చిన్న గదికి తీసుకెళ్ళాడు. ముందు లోపలి వాళ్ళని అడిగి, వాళ్ళు రమ్మన్నాకే రమ్మన్నాడు. అలాగే చేయాలి. అది ఎవరి ఇల్లో, ఎవరి పని చోటో కదా.

లక్క అంటే మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మలమీద లక్కపురుగులు పెట్టే జిగురు. దాన్ని బొగ్గుల కుంపటిమీద కరిగించి, ముద్దచేసి, కాలుతుండగానే సన్నటి కడ్డీలాగా సాగదీస్తారు. వంచి గుండ్రం చేసి, రంగు లక్క పైపూత పూసి, కొయ్య అచ్చుకి ఎక్కించి కొలత సరిచేస్తారు. తర్వాత వేడిగా ఉన్నప్పుడే ఒక్కొక్క అద్దపు రాయీ అద్దాలి. చల్లారితే రాయి నిలవదు, మరీ వేడైతే గాజు వంగిపోతుంది. అప్పడాల పిండి చేత్తో పట్టుకుని వేడికి ఊదుకునే మనకి ఆ పని ఎంతో ఇట్టే తెలుస్తుంది. అక్కడున్న ఆవిడ వేళ్ళ చివర్లు చూశాను. నున్నగా, గట్టిపడి ఉన్నాయి. "కాలదా ఆపా?" అంటే, "మొదట్ల కాలేది, ఇప్పుడు తెల్వదు" అంది. చూపు పెట్టి చేసే పని, కళ్ళు లాగుతాయంది. పొద్దున్నుంచీ కూర్చుంటే నడుం పట్టేస్తుందంది. రాళ్ళు అద్దే పని చాలామంది ఆడవాళ్ళు ఇంట్లో వంటా పిల్లలూ చూసుకుంటూనే చేస్తారు.

2024లో హైదరాబాదు లక్కగాజులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక్కడి పనితనానికి సర్కారు ముద్ర అన్నమాట. మంచిదే. కానీ కొట్లో ప్లాస్టిక్ గాజులూ అదే మెరుపుతో సగం ధరకి వేలాడుతుంటాయి. తేడా తెలుసుకోవాలంటే చేత్తో పట్టుకోండి. లక్కది కాస్త బరువుగా ఉంటుంది, రాళ్ళ వరసలో అక్కడక్కడ చేతిపని తేడా కనిపిస్తుంది. ఇక బేరం సంగతి. నేను బేరమాడొద్దని చెప్పను, నా మాట మీరెవరూ వినరు కూడా! నేనూ ఆడాను. అయితే ఆ గది చూసొచ్చాక సగానికి సగం అడగడానికి మాత్రం నోరు రాలేదు.

గాజు సైజులు రెండు నాలుగు, రెండు ఆరు అంటాం కదా, అదేమిటో మీకు తెలుసా? అంగుళాన్ని పదహారు అణాలుగా లెక్కపెట్టిన కొలత అది. రెండు నాలుగు అంటే రెండు అంగుళాల నాలుగణాలు, అంటే రెండుంబావు అంగుళాలు. రూపాయిలోంచి అణాలు పోయినా గాజుల్లో ఇంకా ఉన్నాయి!

అప్పటికి ఏడున్నర. చార్మినార్ పక్కనే నిలబడి ఇరానీ చాయ్ తాగాం, ఉస్మానియా బిస్కట్లు ముంచుకుని. పాలు వేరే చిక్కగా మరిగించి, డికాషన్ వేరే మూతపెట్టి సన్నసెగమీద ఉంచి, కప్పులో కలుపుతారు. ఇంట్లో చేస్తే ఆ రుచి రావడానికి డికాషన్ని కనీసం అరగంట మగ్గనివ్వాలి. రోడ్డుమీద నిలబడి, రాత్రి ఏడున్నరకి, తీరిగ్గా టీ తాగడం పిన్నిగారికి అరవై మూడేళ్ళలో అదే మొదటిసారిట. రెండో కప్పు ఆవిడే చెప్పారు.

మీరూ వెళ్తారా? అయితే పొద్దున్నే పులిహోర కలిపి పెట్టేయండి, పెరుగుంటే చాలు, ఆ పూటకి ఇంట్లో వాళ్ళు గడిపేస్తారు. నూలు చీరో చుడీదారో కట్టుకోండి. మడమల చెప్పులు వద్దు, రాతి పలకలమీద జారతాయి. మంచినీళ్ళు వెంట ఉంచుకోండి. బాత్‌రూముల ఇబ్బంది ఉంది, దాచడమెందుకు. బయల్దేరేముందు చూసుకోండి, దారిలో పెద్ద హోటల్లో టిఫిన్ చేస్తే ఆ పనీ అయిపోతుంది. శుక్రవారం, ఆదివారం జనం ఎక్కువ. రంజాన్ నెల సాయంత్రాలు చూడముచ్చటే గానీ, మొదటిసారికి ఆ రద్దీ తట్టుకోలేరు. మెట్రోలో వచ్చేవాళ్ళు ఎం.జి.బి.ఎస్.లో దిగి ఆటో ఎక్కొచ్చు.

కొన్న లక్కగాజుల్ని మాత్రం వేసుకుని స్టవ్ దగ్గరికి వెళ్ళకండి. వేడికి రాళ్ళు ఊడతాయి. వేణ్ణీళ్ళూ తగలనివ్వకండి. పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో గాజుకీ మధ్య మెత్తటి గుడ్డపీలిక పెట్టి డబ్బాలో దాచుకోండి.