కొబ్బరి చెట్టు ఎవరిది? తెరచాప పడవల్లో దీవుల యాత్ర: అపోహలు – వాస్తవాలు

ఉద్యోగం మానేసి, తెరచాప పడవ కొనుక్కుని, పసిఫిక్ దీవులు తిరుగుతున్న జంటల వీడియోలు మన ఇళ్లలోనూ బాగానే చూస్తున్నారు. చూడదగ్గవే. అయితే వాటిలో కనపడేది లంగరు దించాక గడిచే సాయంత్రాలు మాత్రమే. ఆ సాయంత్రాలను చూసి జనం కట్టుకున్న అభిప్రాయాలు కొన్ని పూర్తిగా తప్పు. ఒకటి రెండు ప్రమాదకరం కూడా. వాటిని సరిచేయడానికి ఒకే దారిని తీసుకుంటాను. పనామాకు కరీబియన్ వైపున్న గూనా యాలా దీవుల దగ్గర మొదలై, పనామా కాలువ దాటి, గలాపగోస్, మార్కెసస్, తువామోతు, కుక్ దీవుల మీదుగా ఫిజీ చేరే దారి అది. చిన్న తెరచాప పడవలు దశాబ్దాలుగా నడుస్తున్న దారి.

అపోహ: గాలి ఎటు వీస్తే అటు, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వెళ్లొచ్చు.

ఈ యాత్రలో మనిషి ఇష్టానికి దక్కే చోటు చాలా తక్కువ. బడిలో వ్యాపార పవనాలని చదువుకున్నాం కదా, ఈ దారి మొత్తం వాటి చలవే. దక్షిణ పసిఫిక్‌లో అవి ఆగ్నేయం నుంచి, మామూలుగా 15 నుంచి 20 నాట్ల (నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) వేగంతో వీస్తాయి. అందుకే పడవలన్నీ తూర్పు నుంచి పడమరకే పోతాయి. తెరచాప పడవ ఎదురుగాలిలోనూ ముందుకు పోగలదు, కానీ తిన్నగా కాదు. గాలికి సుమారు 45 డిగ్రీల వాలులో కాసేపు ఇటు, కాసేపు అటు మలుపులు తిరుగుతూ పోవాలి. దూరం పెరుగుతుంది, అలలు ముక్కు మీద కొడతాయి, మనుషులూ పడవా నలిగిపోతారు. దాటి వచ్చేసిన దీవి బాగుందని ఎవరో చెబితే వెనక్కి తిరిగి వెళ్లేవాళ్లు అరుదు.

దీనికి తోడు తుఫాన్ల కాలం. దక్షిణ పసిఫిక్‌లో అది నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. కాబట్టి చాలామంది ఫిబ్రవరి, మార్చి నెలల్లో పనామా వదిలి, తుఫాన్లు తగ్గుముఖం పట్టే వేళకు మార్కెసస్ చేరుకుంటారు. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి ఫిజీ ప్రాంతం ఖాళీ చేసి, వెయ్యి నాటికల్ మైళ్లకు పైగా దక్షిణానికి దిగి న్యూజిలాండ్‌లో తలదాచుకుంటారు. మధ్యలో మిగిలేది ఆరేడు నెలలు. అందులోనే అంత సముద్రమూ, అన్ని దీవులూ. పడవ నడిచేది ఐదారు నాట్ల వేగంతో, అంటే గంటకు పది, పదకొండు కిలోమీటర్లు. నింపాదిగా తొక్కే సైకిలు వేగం. గలాపగోస్ నుంచి మార్కెసస్‌కు ఉన్న 3,000 నాటికల్ మైళ్లు, మన లెక్కలో 5,500 కిలోమీటర్లు, ఆ వేగంతో మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ పగలూ రాత్రీ ఎవరో ఒకరు మేలుకుని కాపలా ఉండాలి. ఇద్దరే ఉన్న పడవలో ఎవరికీ మూడు నాలుగు గంటలకు మించి ఏకబిగిన నిద్ర ఉండదు.

అపోహ: అసలు ప్రమాదం నడిసముద్రంలోనే. దీవి కనపడిందంటే గండం గడిచినట్టే.

నన్నడిగితే అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. పడవ కింద వేల మీటర్ల నీరున్నంత సేపూ తగలడానికి దాదాపు ఏమీ ఉండదు. బరువైన అడుగుభాగం ఉన్న పడవను పెద్ద అల పక్కకు పడేసినా, సాధారణంగా మళ్లీ నిలబడుతుంది. పడవలను నిజంగా మింగేది తీరమూ, పగడపు దిబ్బలూ.

తువామోతు దీవుల సంగతే చూడండి. డెబ్బైకి పైగా అటాళ్లు, అంటే ఉంగరంలా గుండ్రంగా పెరిగిన పగడపు దిబ్బలు, నడుమ లోతైన మడుగు. నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్లే ఎత్తు. కొబ్బరి తలలు తప్ప దూరం నుంచి ఏమీ కనపడదు, రాత్రయితే అదీ లేదు. పాత నావికులు వీటికి ప్రమాద ద్వీపమాల అని పేరు పెట్టారు. మడుగులోకి పోవాలంటే దిబ్బలో ఉన్న సన్నని గండి గుండానే పోవాలి. ఆటుపోట్లకు ఆ గండిలో నీరు ఏరులా పరుగెత్తుతుంది. కొన్ని చోట్ల దాని వేగం పడవ ఇంజను వేగాన్ని మించిపోతుంది. పైగా దక్షిణపు కెరటాలు దిబ్బ మీంచి దూకి మడుగును నింపుతూ ఉంటే, పోటు వేళ కూడా నీరు బయటికే పారుతుంది. పట్టికలో రాసిన వేళను నమ్మి ఊరుకోకుండా, గండి బయట నిలబడి నీటిని చూసి, అది నెమ్మదించేదాకా ఆగాలి.

లోపలికి వెళ్లాకా అంతే. మడుగు అడుగున పగడపు గుట్టలు నీటిమట్టానికి అడుగు దిగువదాకా లేచి ఉంటాయి. సూర్యుడు నెత్తిమీదో వెనకవైపో ఉంటేనే అవి గోధుమ రంగు మచ్చల్లా కనపడతాయి. ఎండ ముఖానికి కొడుతుంటే నీటి మీద అద్దంలాంటి మెరుపు తప్ప ఏమీ కనపడదు. అందుకే అనుభవమున్నవాళ్లు సాయంత్రం నాలుగు దాటాక కొత్త మడుగులోకి వెళ్లరు. రాత్రంతా బయటే తిరిగి, ఉదయం ఎండ ఎక్కాక వస్తారు.

జీపీఎస్ ఉండగా భయమేమిటని అడిగేవాళ్లకు 2014 నవంబరు 29 గుర్తు చేయాలి. ఆ రాత్రి వోల్వో ఓషన్ రేస్ అనే తెరచాప పడవల పోటీలో పాల్గొంటున్న వెస్టాస్ విండ్ అనే పడవ, మారిషస్‌కు ఈశాన్యాన ఉన్న కార్గాడోస్ కారజోస్ దిబ్బల మీదికి పూర్తి వేగంతో ఎక్కేసింది. నడుపుతున్నవాళ్లు ప్రపంచ స్థాయి నావికులు. ఉపగ్రహం వాళ్ల స్థానాన్ని సరిగానే చూపింది. ఎలక్ట్రానిక్ పటాన్ని తగినంత పెద్దది చేసి చూస్తే తప్ప ఆ దిబ్బ కనిపించదు, ఎవరూ పెద్దది చేయలేదు. తొమ్మిది మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

అపోహ: జనం లేని దీవి ఎవరిదీ కాదు.

గూనా యాలాలో మూడు వందలకు పైగా దీవులున్నాయి, మనుషులుండేవి కొద్దిగానే. మిగతావి చూసేవాళ్లకు ఖాళీ. కానీ అక్కడి ప్రతి కొబ్బరి చెట్టుకూ గూనా కుటుంబమొకటి యజమాని. కొబ్బరికాయలు కొలంబియా పడవలకు అమ్మడం వాళ్ల జీవనాధారాల్లో ఒకటి. కింద రాలిన కాయను ముచ్చటపడి తీసుకున్నా అది దొంగతనమే. పశ్చిమ గోదావరిలో ఎవరి తోటలోకైనా అడగకుండా దూరి కాయ దింపుకుంటామా? అదే మర్యాద అక్కడా వర్తిస్తుందని చెప్పాల్సి రావడమే నాకు బాధ. ఆ దీవుల్లో ఒకటైన గార్దీ సుగ్దుబ్‌ను సముద్రమట్టం పెరుగుతున్న కారణంగా 2024లో మూడు వందల దాకా కుటుంబాలు వదిలి, ప్రధాన భూభాగంలో కట్టిన ఇళ్లకు మారాయి. కెమెరాలో కలకాలం ఉండేట్టు కనపడే తీరం అది.

నిర్జన దీవి కలకు మూలపురుషుడి లాంటివాడు న్యూజిలాండ్‌కు చెందిన టామ్ నీల్. కుక్ దీవుల్లోని సువారో అటాల్‌లో 1952 నుంచి 1977 మధ్య మూడు విడతలుగా ఒంటరిగా బతికాడు. ఆయన రాసిన పుస్తకం చదివి పడవ కొన్నవాళ్లున్నారు. కానీ 1954లో లంగరు విసురుతుండగా నడుము పట్టేసి, కదల్లేక పడి ఉన్నప్పుడు, ఆయన ప్రాణం నిలిచింది అనుకోకుండా అటు వచ్చిన ఒక పడవ వల్ల. పూర్తి ఏకాంతం ఆయనకే సాగలేదు. ఇప్పుడు సువారో కుక్ దీవుల జాతీయ పార్కు. యాత్రల కాలంలో రేంజర్లు అక్కడే కాపురముంటారు. లంగరు ఎక్కడ వేయాలో వాళ్లే చెబుతారు.

అదే దేశంలో పామర్‌స్టన్ అనే దీవి ఉంది. 1863లో అక్కడ స్థిరపడిన విలియం మార్స్‌టర్స్ అనే ఆంగ్లేయుడి సంతతే దాదాపు ఊరంతా. విమానాశ్రయం లేదు, సరుకుల ఓడ ఎప్పుడో కానీ రాదు. పడవ రాగానే ఒక కుటుంబం ఎదురొచ్చి యాత్రికులను తమ అతిథులుగా తీసుకుంటుంది, భోజనం పెడుతుంది. అంత ఉదారత చూసి ఉచిత విడిది అనుకునేవాళ్లూ ఉన్నారు. వెళ్లేవాళ్లు ఆ ఇంటికి ఏం కావాలో ముందే కనుక్కుని బియ్యమో, పిండో, యంత్ర భాగమో మోసుకెళ్లడం న్యాయం.

ఫిజీలో దీన్ని ఆచారంగానే పెట్టుకున్నారు. బయటి దీవుల్లో ఏ ఊరి ముందు లంగరు వేసినా, మొదట ఒడ్డుకు వెళ్లి, యంగోనా (కావా) మొక్క వేళ్ల కట్టను ఊరిపెద్ద ముందు పెట్టి అనుమతి అడగాలి. దాన్ని సెవుసెవు అంటారు. అది అయ్యేదాకా ఈత లేదు, చేపల వేట లేదు, ఊళ్లో తిరగడం లేదు. ఆ దిబ్బల మీద చేపలు పట్టే సంప్రదాయ హక్కు ఆ ఊరివాళ్లది. ఇంతకీ ఫిజీ మనకు పరాయిదేమీ కాదు. 1903 నుంచి గిర్మిట్ (ఒప్పంద) కూలీల ఓడలు మద్రాసు రేవు నుంచి కూడా బయల్దేరాయి, వాటిలో తెలుగువాళ్లూ వెళ్లారు. నేడు విదేశీ పడవలు కాగితాలు చూపించుకునే లౌటోకా, వాళ్లు చెమటోడ్చిన చెరకు సీమలోని రేవే.

కాగితాలంటే గుర్తొచ్చింది. సముద్రం మీద వచ్చినవాళ్లకు సరిహద్దులుండవనుకోవద్దు. దేశంలోకి ప్రవేశం నిర్ణీత రేవుల్లోనే. అధికారులు వచ్చి చూసేదాకా పడవ మీద పసుపు జెండా ఎగరాలి, ఎవరూ దిగకూడదు. గలాపగోస్‌లో అయితే పడవ అడుగున నాచూ, నత్తలూ అంటుకుని ఉన్నా మళ్లీ సముద్రంలోకి పంపి శుభ్రం చేసుకు రమ్మంటారు. వేరే చోటి జీవాలు అక్కడికి చేరకూడదని. ఆ కట్టుబాటును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

అపోహ: చేపలు పట్టుకుంటూ, కొబ్బరినీళ్లు తాగుతూ గడిపేయొచ్చు.

పగడపు దిబ్బల చేపల్లో సిగ్వటెరా అనే జబ్బు తెచ్చే విషం ఉండవచ్చు. దిబ్బల మీది సూక్ష్మజీవుల్లో పుట్టి, చిన్న చేపల నుంచి పెద్ద చేపల్లోకి పేరుకుంటుంది. రుచి మారదు, వాసన మారదు. ఎంత ఉడికించినా, వేయించినా, ఐసులో పెట్టినా పోదు. వాంతులు, విరేచనాలు, నరాల మంటతో పాటు, చల్లటి వస్తువు ముట్టుకుంటే కాలినట్టు అనిపించడం దీని గుర్తు. ఈగలు వాలకపోతే విషమనీ, వెండి నాణెం నల్లబడితే విషమనీ చెప్పే పరీక్షలు పనికిరావు. ఒక దీవిలో నిశ్చింతగా తినే చేపే పక్క దీవిలో విషం కావచ్చు కనుక, ఆ దిబ్బ మీద వేటాడే మనిషిని అడగడమే దారి.

నీళ్లూ అంతే. అటాళ్లలో వాగులూ వంకలూ ఉండవు. ఇళ్లవాళ్లు కప్పు మీద పడ్డ వాననీటిని తొట్లలో దాచుకుని బతుకుతారు. వాళ్లను నాలుగు డబ్బాల నీళ్లు అడగడం చిన్న కోరిక కాదు. అందుకే చాలా పడవలు సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రం పెట్టుకుంటాయి.

అపోహ: అక్కడంతా నిశ్శబ్దం.

దిబ్బ మీద కెరటాల హోరు రాత్రింబవళ్లు ఆగదు. ఇరవై నాట్ల గాలికి తాళ్లు కూత పెడతాయి. పడవ గదిలో పడుకుంటే అడుగు నుంచి ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు వస్తుంది, అది రొయ్య జాతి జీవులు డెక్కలు చరుస్తున్న శబ్దం. అక్కడ లేనివి ట్రాఫిక్కూ, లౌడ్‌స్పీకర్లూ.

అపోహ: ఇది కండబలమున్న మగవాళ్ల పని, లేదా కోటీశ్వరుల పని.

2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి, 2018 మే 21న తిరిగొచ్చిన భారత నౌకాదళ పడవ తారిణి భూమిని చుట్టింది. సిబ్బంది ఆరుగురూ మహిళలే. వాళ్లలో విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. వాళ్లు దాటినవి దక్షిణ మహాసముద్రపు చలి జలాలు, ఈ దీవుల దారికంటే ఎన్నో రెట్లు కఠినం. తాళ్లు లాగడానికి వించీలనే చుట్టుయంత్రాలున్నాయి. కావలసింది ఓర్పు, ముందుచూపు, చుక్కాని చెడితే బాగుచేసుకునే చేతులు.

ఖర్చు మాట అబద్ధం కాదు, ఉప్పునీరు దేన్నీ వదలదు కనుక మరమ్మతులు ఎప్పుడూ ఉంటాయి. కానీ సొంత పడవ లేకుండానే వెళ్లేవాళ్లు చాలామంది. యాత్రల కాలానికి ముందు పనామా రేవుల్లో, రాత్రి కాపలాకు మరో మనిషి కావాలని చూసే పడవలు ఉంటాయి. తిండి ఖర్చు పంచుకుంటే చాలనేవాళ్లూ ఉంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మార్కెసస్, తువామోతు దీవులున్న ఫ్రెంచ్ పాలినేషియా వీసాను మాత్రం ముందే తీసుకోవాలి. గాలికి ఎదురు మలుపులు తిప్పడం నేర్చుకోవడానికి అంత దూరం అక్కర్లేదు, హుస్సేన్‌సాగర్‌లో నేర్పే క్లబ్బులున్నాయి, అక్కడ బడిపిల్లలు కూడా నేర్చుకుంటున్నారు.