కంటికి కానరాని ఫ్లోరైడు

నల్లగొండ ప్రాంతమున కొన్ని బావుల నీరు చూచుటకు తేటగా నుండును. రుచియందును దోషము తోపదు. అయినను ఏండ్ల తరబడి ఆ నీటినే త్రాగినవారికి పండ్లపై గోధుమరంగు మచ్చలు పడినవి, కీళ్లు బిగిసికొనిపోయినవి, నడుములు వంగినవి. నేలలోని రాళ్లనుండి కరగి నీటిలో చేరు ఫ్లోరైడే దీనికి కారణము. నెల్లూరు మండలమున ఈ వ్యాధిని వైద్యులు 1937లోనే గుర్తించి ప్రకటించిరి.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. ఇంత స్వల్పమైన దానిని కనుగొనుట యెట్లు? అమెరికాలో ఫ్రాంట్, రాస్ అను శాస్త్రజ్ఞులు 1966లో ఇందుకొక సాధనమును వెల్లడించిరి. ఒక గొట్టపు కొనయందు లాంథనమ్ ఫ్లోరైడు స్ఫటికపు బిళ్ల అమర్చబడి యుండును. అది నమ్మకమైన ద్వారపాలకుని వంటిది. ఫ్లోరైడు అయానులకు తప్ప నీటిలోని తక్కిన లవణములకు దారి యీయదు. క్షారము మిక్కుటమైన నీటిలో మాత్రము అదియు కొంత మోసపోవును! ఫ్లోరైడు హెచ్చుతగ్గులను బట్టి బిళ్లకు ఇరువైపుల నడుమ వోల్టేజి మారును. మీటరు దానిని చూపును. ఇట్టి సాధనములను రసాయన సంవేదకములందురు.

సంవేదకము ఫ్లోరైడును తొలగింపజాలదు; ఆ పని వేరు. కాని ఒకే యూరిలో ఒక బావి నీరు మంచిదై, దాని ప్రక్కనున్న బోరు నీరు చెడ్డదై యుండవచ్చును. త్రాగరాదను గుర్తుగా ఏ పంపునకు ఎఱ్ఱరంగు పూయవలెనో ఈ పరీక్షయే తెలుపును.