ఒకే జట్టున ఆడిన చెలులు

కొల్లేటి లంకలనుండియు, కైకలూరు ప్రాంతమునుండియు మన ఆడుపిల్లలు ఏలూరు, తాడేపల్లిగూడెము కళాశాలలకు చదువులకై వచ్చుచున్నారు. వారిలో బాస్కెట్‌బాల్ ఆటపై మనసుపడి జట్టున చేరు బాలికలుందురు. మూడేండ్లు ఒకే ఆవరణమున ఆడి, ఒకే కప్పును గెలిచిన పిల్లలలో పట్టము పుచ్చుకొన్న పిమ్మట ఒకతెకు ఉద్యోగము దొరకును. వేరొకతె ఇంట కూర్చుండును. “మా పిల్ల దానికంటె బాగుగనే ఆడెను గదా, దీనికేల రాలేదు?” అని తల్లి యడుగుట న్యాయమే.

ఈ ఆట పుట్టిన అమెరికాలోనే దీనికి ప్రత్యుత్తరము వెదకుదము. 1891లో జేమ్సు నైస్మిత్ అను ఉపాధ్యాయుడు స్ప్రింగుఫీల్డులో దీనిని కల్పింపగా, మరుసటి సంవత్సరమే సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయిని స్మిత్ కళాశాల బాలికలకు నేర్పెను. అయినను స్త్రీల వృత్తిలీగగు డబ్ల్యు.ఎన్.బి.ఏ. ఆటలు మొదలగుటకు 1997 వరకు ఆగవలసివచ్చెను.

అయోవా విశ్వవిద్యాలయపు జట్టున కెయిట్లిన్ క్లార్కు, కేట్ మార్టిన్ అను చెలులు కలసి ఆడిరి. 2023, 2024 సంవత్సరములలో ఆ జట్టు జాతీయపోటీల తుదియాట వరకు వెళ్లి రెండుమారులును ఓడెను. క్లార్కు కళాశాల ఆటలలో 3,951 పాయింట్లు సాధించి పాతలెక్కలు పెక్కింటిని దాటినది. 2024 ఏప్రిలులో వృత్తిజట్లు క్రీడాకారిణులను ఎంచుకొను సభ జరిగెను. అందు మొట్టమొదట పిలువబడినది క్లార్కు. మార్టిన్ చెలికి తోడుగా వచ్చి ప్రేక్షకులలో కూర్చుండియుండగా, 18వ పేరుగా ఆమెనే పిలిచిరి!

వింత యేమనగా, ఆ యేటి నియమిత జీతములలో వీరిద్దరికిని గల భేదము స్వల్పము: ఒకతెకు 76,535 డాలర్లు, రెండవయామెకు 67,249. అసలు అంతరము వేరొకచోట నున్నది. క్లార్కునకు వ్యాపారప్రకటనలవలన వచ్చు ధనము జీతమునకు అనేకరెట్లు. మార్టిన్ వంటివారికో, జట్టున చోటు నిలుచుటయే గొప్ప. ఆనాడు 12 జట్లు, జట్టునకు 12 మందికి మించి చోటు లేదు. అనగా దేశమంతటికి 144. ఆ యేడు ఎంచిన 36 మందిలో పలువురు ఆటలకాలము ఆరంభము కాకమునుపే వెనుకకు పోవలసివచ్చినది. మార్టిన్ నిలిచినది. ఆ సంవత్సరాంతమున గోల్డెన్ స్టేట్ అను క్రొత్తజట్టు ఆమెను తీసికొన్నది. పాయింట్ల పట్టికలో ఆమె చెలికంటె ఎంతో వెనుక. కాని అడ్డుకొనుట, బంతిని వెంటాడుట, తోడివారిని కూడదీయుట ఎరిగినది.

మనదేశమున జీవనమునకు చాలునట్టి వృత్తిలీగు ఇంకను పాదుకొనలేదు. కేరళకు చెందిన గీతు అన్నా జోస్, ఆరడుగుల రెండంగుళముల పొడవరి, భారతజట్టునకు ఒకప్పుడు నాయకురాలుగా నుండెను. 2011లో మూడు అమెరికా జట్లు ఆమెను పరీక్షింప పిలిచినను చోటు లభింపలేదు. అట్టి యామెకును ఆధారమైనది దక్షిణరైల్వే కొలువే.

కావున మన పిల్లలు చూడవలసినది రైల్వేవంటి సంస్థల క్రీడాకోటా. ఇక్కడనే చెలుల దారులు చీలును. రైల్వేవారు సామాన్యముగా 18 మొదలు 25 ఏండ్లలోపువారినే పిలుతురు. ఇటీవలి రెండు మూడేండ్ల ఫలితములనే లెక్కింతురు. పిమ్మట ఆడించి చూతురు. వారికి ఆ యేడు కావలసినది బుట్టక్రింద నిలుచు పొడవరియైనచో, ఎంత చురుకైన పొట్టిపిల్లయైనను మిగిలిపోవును. ఇది ఆమె లోపము కాదు. కళాశాలస్థాయి కప్పుకంటె అఖిలభారత అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో తొలి మూడుస్థానములకు విలువ మెండు.

పెండ్లిమాటలు సాగుచున్నవని ఒక యేడు ఆటమాన్పించు ఇండ్లు కలవు. ఆ యేటితో పత్రము పాతబడునని తల్లిదండ్రులలో ఎందరికి తెలియును? ఉద్యోగము చేజారిన తరువాత అల్లునివైపువారు వచ్చి తీర్పరు గదా!

పొడవు చాలని పిల్లకు వేరుమార్గము కలదు. పట్టము పిమ్మట రెండేండ్ల బి.పి.ఇడి. చదివి, డి.ఎస్.సి. పరీక్ష వ్రాసి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయిని కావచ్చును. అందు బుట్టయెత్తుతో పనిలేదు. అయినను ఖాళీలు ప్రకటించువరకు ఏండ్లు నిరీక్షింపవలసివచ్చును. ఆ నిరీక్షణమునకు ఇంటివారి ఓర్పు కావలెను. పోటీలలో వచ్చిన ప్రతి పత్రమును తేదీతో, విశ్వవిద్యాలయపు ముద్రతో ఆనాడే పుచ్చుకొని, నకలు తీయించి, పెట్టెలో పదిలపరచుట తల్లి చేయదగిన పని.