సరస్సు బాగుపడిందని ఎలా తెలుస్తుంది?

సియాటిల్ పరిసరాల్లో ఉండే మనవాళ్ళు చాలామంది లేక్ వాషింగ్టన్ మీది తేలే వంతెనలు దాటి ఆఫీసులకు వెళ్తుంటారు. వేసవిలో పిల్లలు ఈతకొట్టే ఆ నీళ్ళు 1960ల మొదట్లో నాచుపట్టి కంపుకొట్టేవంటే నమ్మబుద్ధి కాదు. సరస్సును బాగుచేసిన సంగతి చాలామందికి తెలుసు. బాగుపడిందని ఎలా తేల్చారన్న సంగతే మనకు ఎక్కువ పనికొస్తుంది.

1941 నుంచి చుట్టుపక్కల పట్టణాలు తమ మురుగునీటిని శుద్ధి చేసి ఈ సరస్సులోకి వదిలేవి. అలా శుద్ధి చేసినా భాస్వరం, అంటే ఫాస్ఫరస్, చాలావరకు నీటిలోనే ఉండిపోయేది. వరిచేనుకు డీఏపీ ఎలాగో నాచుకు అది అలాగ. 1955లో ఆసిలటోరియా అనే నాచు ఇక్కడ కనిపించింది. యూరప్‌లో కొన్ని సరస్సులు పాడయ్యేటప్పుడు కనిపించినది కూడా ఇదే. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఎడ్మండ్‌సన్ ఈ ప్రమాదాన్ని వివరించి చెప్పారు. 1958లో ప్రజలు ఓటు వేసి మెట్రో అనే సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. 1963, 1968 మధ్య మురుగునీటిని మొత్తం సరస్సు నుంచి మళ్ళించారు.

ఆ తర్వాత కూడా కొలతలు ఆపలేదు. సెక్కి డిస్క్ అనే పళ్ళాన్ని తాడు కట్టి నీళ్ళలోకి దించుతారు. అది కంటికి కనపడకుండా పోయే లోతే నీటి స్పష్టతకు కొలత. 1963 వేసవిలో అది దాదాపు 1 మీటరు. దీనితోపాటు భాస్వరం, నత్రజని, నాచులోని పత్రహరితం కొలిచేవారు. 1969 నాటికి భాస్వరం 1963 స్థాయిలో 28 శాతానికి దిగింది. నత్రజని అంతగా తగ్గలేదు. నాచు మాత్రం భాస్వరంతోపాటే తగ్గింది. సబ్బుపొడుల్లోని భాస్వరం దోషి కాదని కొందరు వాదిస్తున్న రోజుల్లో ఈ అంకెలే గట్టి జవాబయ్యాయి.

1976లో మరో మార్పు వచ్చింది. నాచును వడగట్టి తినే డాఫ్నియా అనే చిన్న నీటిజీవులు విపరీతంగా పెరిగి, నీళ్ళు ఇంకా తేటపడ్డాయి. వాటి మేతకు అడ్డుపడే ఆసిలటోరియా అప్పటికి పోవడం ఇందుకు ఒక కారణం. 1968తో పని అయిపోయిందనుకుని ఉంటే ఇది ఎవరికీ అర్థమయ్యేది కాదు.

అన్ని సరస్సులకూ ఈ అదృష్టం పట్టలేదు. లేక్ ఈరీ 1972 నాటి అమెరికా, కెనడా ఒప్పందం తర్వాత తేరుకుంది. కానీ 1990ల మధ్య నుంచి పొలాల మీదుగా వచ్చే నీటిలో కరిగిన భాస్వరం పెరుగుతూ వచ్చింది. మొత్తం భాస్వరం లెక్క ఒక్కటే చూస్తే ఆ పెరుగుదల బయటపడదు. 2014 ఆగస్టులో నాచు విషం వల్ల టొలీడో ప్రాంతంలో 4 లక్షల మందికి పైగా జనానికి కుళాయి నీళ్ళు తాగవద్దని చెప్పాల్సి వచ్చింది. ఆ విషం కాచినా పోదు.

లోతు కూడా ముఖ్యమే. లేక్ వాషింగ్టన్ 65 మీటర్ల లోతు. మన హుస్సేన్ సాగర్ లోతు అందులో ఏ మూలకూ రాదు. అలాంటి చోట అడుగున ఆక్సిజన్ అయిపోతే, ఏళ్ళ తరబడి పేరుకున్న బురద తనలోని భాస్వరాన్ని మళ్ళీ నీటిలోకి వదులుతుంది. నాలా నీళ్ళు మళ్ళించినా నాచు వెంటనే పోకపోవడానికి ఇదొక కారణం.

సొంత ఊరి చెరువు బాగుచేయడానికి మనలో చాలామంది చందాలు వేస్తుంటాం. ఈసారి వేసేటప్పుడు ఆ తర్వాత కొలతలు ఎవరు తీస్తారో అడగండి. ఒక సెక్కి డిస్క్, తాడు, నోటు పుస్తకం ఊరి హైస్కూలుకిస్తే, పెద్దల పర్యవేక్షణలో పదిహేను రోజులకోసారి అదే చోట, అదే వేళకు కొలవచ్చు. ఏడాదికి రెండుసార్లు భాస్వరం పరీక్షకు నీళ్ళు ల్యాబుకు పంపాలి. పూడిక తీయించే ఖర్చుతో పోలిస్తే ఇది ఎంతో కాదు. అయిదేళ్ళయ్యాక మనం వేసిన డబ్బు పనిచేసిందో లేదో చెప్పేది ఆ పుస్తకమే.